పద్యానికి ముందు

'వకుళాంబ' నాటకం అచ్చుప్రతిలో మూడో అంకం చివర ఇలా ఉంటుంది: 'రాణి ప్రవేశించును. శవమును చూచును. పద్యము.' ఆ వెంటనే పద్యం మొదలవుతుంది. చూడటానికీ పద్యానికీ మధ్య అచ్చులో ఒక చుక్క తప్ప ఏమీ లేదు. రంగస్థల కళల శాఖలో ప్రొఫెసరుగా ఉన్న మోహన తన ఉద్యోగ జీవితమంతా ఆ చుక్క మీదే గడిపింది.

ఆ చుక్క దగ్గర ఆమె తల్లి ఆగేది.

తల్లి పేరు మంగతాయి. ఎమ్మిగనూరు, ఆదోని, ఆలూరు పక్క ఏ ఊళ్ళో జాతర జరిగినా వకుళాంబ వేషానికి ఆమెను పిలవాల్సిందే. కథలో, సంధి కోసం కొడుకును శత్రువు కోటలో ఉంచిన రాజు తనే మాట తప్పుతాడు. కొడుకు శవమై తిరిగొస్తాడు. రాణి వచ్చి చూస్తుంది. అక్కడ మంగతాయి పద్యం అందుకోకుండా నిలబడిపోయేదట. హార్మోనియం శ్రుతి మోగుతూ ఉండేది. బజ్జీల బండి దగ్గరివాళ్ళు కూడా మాట ఆపేవాళ్ళట. అప్పుడామె ముఖంలో ఏం కనిపించేదో గాని, చూసినవాళ్ళు నలభై ఏళ్ళు గడిచినా ఆ మాటే చెప్పుకునేవాళ్ళు.

మోహనకు మూడేళ్ళప్పుడు మంగతాయి మెదడువాపు జ్వరంతో పోయింది. ఆమె నాటకాన్ని ఎవరూ రికార్డు చేయలేదు. వేషంలో దిగిన ఫొటో ఒకటి మిగిలింది. అందులో రంగు ఎంత దట్టంగా ఉందంటే, దాని కిందున్న మనిషి ఎలా ఉంటుందో పోల్చుకోలేం.

మొదట్లో మోహన అందరు పరిశోధకులూ చేసే పనే చేసింది. రికార్డరు పట్టుకుని ఊళ్ళు తిరిగింది. నాటకం చూసిన ముసలివాళ్ళను వెతికి మాట్లాడించింది. ఆదోనిలో రిటైరైన టీచరు శేషమాంబ, "తల ఎత్తి ఆకాశం దిక్కు చూసిందమ్మా. దేవుణ్ణి నిలదీసినట్టు ఉండె," అంది. ఎమ్మిగనూరులో పత్తి మిల్లులో పనిచేసిన ఉరుకుందప్ప, "అట్ల కాదు మేడం, ఆయమ్మ నవ్వినాది. సన్నగా నవ్వినాది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు జల్లుమనె," అన్నాడు. జాతరల్లో సోడాలు అమ్మిన ఒకాయన, రాణి నేరుగా తన కళ్ళల్లోకే చూసిందని కొడుకు మీద ఒట్టేశాడు.

ఈ తేడాల మీద మోహన రాసిన వ్యాసానికి మంచి పేరొచ్చింది. ప్రదర్శన జరిగేది వేదిక మీద కంటే చూసినవాళ్ళ లోపలేనని అందులో వాదించింది. సెమినార్లలో మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి తలుపు తీసుకున్నాక ఆ వాదన ఆమెకు ఎందుకూ పనికొచ్చేది కాదు. అమ్మను ఒక్కసారి చూడాలి. అంతే ఆమె కోరిక.

ఆ వ్యాసం చదివి ఆమెను వెతుక్కుంటూ వచ్చింది తబస్సుమ్. అదే విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్ర పరిశోధకురాలు. మోహన కంటే చిన్నది, మాట పొదుపు.

"మీరు వాళ్ళు చెప్పింది రాశారు," అంది కుర్చీలో కూర్చుంటూనే. "వాళ్ళు చూసింది కావాలంటే నేను ప్రయత్నిస్తాను."

తబస్సుమ్ పుట్టింది లక్కగాజులు చేసే ఇంట్లో. తన పని గురించి ఎవరికి చెప్పినా ఆ పోలికే వాడేది. "లక్క గట్టిగా ఉంటే దాని మీద అచ్చు పడదు. వేడి తగిలితే మెత్తబడుతుంది. జ్ఞాపకం కూడా అంతే. తలుచుకున్నప్పుడు మెత్తబడుతుంది, కాసేపటికి మళ్ళీ గట్టిపడుతుంది. మెత్తగా ఉన్న ఆ కాసేపట్లో మా యంత్రం దాని అచ్చు తీసుకుంటుంది. ఒకే నాటకం చూసిన చాలామంది దగ్గర అచ్చులు తీసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే, ఆ నాటకం మళ్ళీ కనబడాలి."

మోహన లేచి, ఆ నాటకం చూసి ఇంకా బతికున్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది.

* * *

పాత ఆడిటోరియం వెనుక మేకప్ గదులను ప్రయోగశాలగా మార్చారు. యంత్రం గోడ పొడవునా ఉండేది గాని, మనుషులకు తగిలేది మాత్రం తలమీద పెట్టే మెత్తటి టోపీ ఒక్కటే. మొదట వచ్చినవాడు ఉరుకుందప్ప. తెల్లపంచె కట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. భార్య ఈరమ్మ కూడా వెంట వచ్చింది.

తబస్సుమ్ దీపాలు తగ్గించింది. మోహన హార్మోనియం శ్రుతి వినిపించింది. ఉరుకుందప్ప కళ్ళు మూసుకున్నాడు.

"మా యన్న సైకిలు మింద పోతాండాం," అన్నాడు మెల్లగా. "ముందర కమ్మీ మింద కూర్చున్నా. కాళ్ళకి తిమ్మిరెక్కినాది. అన్న పాడతాండాడు, వాని గొంతు బాగుండదు. ఏటి కాడ దిగి నడిసినాం. అదిగో, లైట్లు కనపడతాండాయి."

తెర మీద మొదట మసక, తర్వాత వెలుతురు గుంపులు కనిపించాయి. ట్యూబులైట్ల వరస. వాటి చుట్టూ పురుగులు. మాసిన ఎర్రతెర, దాని మీద పంకా అంత పెద్ద నెమలి. మోహన నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఆ తెర గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

టోపీ తీశాక ఉరుకుందప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "బాగుండె మేడం. మళ్ళా చూసినట్లే ఉండె," అన్నాడు. మొత్తం సిద్ధమయ్యాక అందరినీ పిలిచి చూపిస్తామని మోహన మాటిచ్చింది. దారిలో తినమని పళ్ళ సంచి ఈరమ్మ చేతికిచ్చింది.

ఆ ఎండాకాలమంతా ముసలివాళ్ళు వచ్చి పోతూనే ఉన్నారు. ఒకరి దగ్గర వేదిక అంచు దొరికింది, ఇంకొకరి దగ్గర జరీ చీర రంగు. శేషమాంబ దగ్గర, శవాన్ని మోసుకొచ్చే భటుల్లో ఒకడికి చెప్పులుండటం దొరికింది. మంగతాయి ఆకారం, నిలబడే తీరు, నడుము దగ్గర చేయి పెట్టుకునే పద్ధతి కొద్దికొద్దిగా పేరుకుంటూ వచ్చాయి. ముఖం దగ్గర మాత్రం ఎంతమంది వచ్చినా పొగమంచే.

"ఇంకా దగ్గరగా చూసినవాళ్ళు కావాలి," అంది తబస్సుమ్.

అందరి కంటే దగ్గరగా చూసినవాడు ఎవరో మోహనకు తెలుసు. అతను ఆమె క్వార్టర్సులో, ఆ పూటకు వంకాయలు తరుగుతూ కూర్చుని ఉంటాడు.

* * *

మోహన తండ్రి కంబగిరయ్య హార్మోనిస్టు. మంగతాయి ఆడిన ప్రతి నాటకానికీ వాయించాడు. ఆమె పోయాక మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. కూతురికి జడలు తనే వేశాడు, కాలేజీకి పంపాడు, ఆమె ఉద్యోగంలో చేరాక వచ్చి ఆమె దగ్గరే ఉన్నాడు. మోహనకు పెళ్ళయి, పొసగక విడిపోయి, మళ్ళీ ఆ ఇంట్లో ఇద్దరే మిగిలారు. వంట ఆయనది. బజారు ఆమెది. అన్నాలు తినేటప్పుడు మాట ఎప్పుడూ అటు తిరిగి ఇటు తిరిగి మంగతాయి దగ్గరికే వచ్చేది.

"జనానికి కనపడేది సగం మొగమే పాపా," అనేవాడు. "నేను తెర పక్కన కూర్చుంటి గదా. పద్యం అందుకునే ముందర మీయమ్మ నా దిక్కు తిరిగేది. పూరా మొగం చూసినోన్ని నేనొక్కన్నే."

"అప్పుడు ఎట్ల ఉండేది నాయనా?"

"అది చెప్పేదానికి రాదు. నేను రోజూ చూస్తానే ఉంటా, ఈ పొద్దుకి గూడా. చెప్పమంటే రాదు."

ఈ మాటలు మోహన చిన్నప్పటి నుంచీ వింటోంది. వేరే పిల్లలకు రాజుల కథలు చెప్పినట్టు ఆమెకు ఇది చెప్పాడు. తండ్రిని టోపీ కిందకు తీసుకురావాలని ఆమె మొదటి రోజే అనుకుంది. ఎందుకో చివరిదాకా ఆగుదామనిపించింది.

వానలు పడ్డాక ఈరమ్మ ఫోను చేసింది.

"మేడం, మా ఆయన ఆ నాటకం ఊసే ఎత్తడం ల్యా," అంది. "ముందు రోజూ చెప్పేటోడు. నాకు ఇని ఇని ఇసుగొస్తాండె. ఇప్పుడు నేనే ఎత్తితే, ఏ నాటకం అంటాడు."

"పెద్దాయన గదమ్మా, మరుపు వచ్చి ఉండొచ్చు," అంది మోహన.

"మిగతావన్నీ గుర్తుండాయి. మిల్లులో ఎవునికి ఎంత కూలో గూడా చెప్తాడు. ఆ రాత్రొక్కటే పోయినాది. వాళ్ళన్న చిన్నప్పుడే సచ్చిపాయ మేడం. ఆ సైకిలు మింద పోయిందొక్కటే ఈయనకి అన్నతో మిగిలింది. ఇప్పుడు అన్న పేరెత్తితే ఊఁ అంటాడు. ఎవురో పక్కింటోని పేరు ఇన్నట్లు." గొంతు తగ్గించి, "మీరు తీసుకున్నింది మళ్ళా ఇచ్చేదానికి అయితాదా?" అని అడిగింది.

కనుక్కుని చెబుతానని మోహన ఫోను పెట్టేసింది.

మర్నాడు తబస్సుమ్ ఒక్కొక్కరికీ ఫోను చేసి ప్రశ్నలడిగింది. సాయంత్రం ఆమె మోహన గదికి వచ్చింది. అందరిదీ అదే కథ. శేషమాంబకు ఆ నాటకం చూశానని తెలుసు, పేరు తెలుసు, కథ తెలుసు. కళ్ళ ముందు ఏమీ లేదు. ఆ జాతరకు కలిసి వెళ్ళిన చెల్లెలు కూడా దానితోపాటే చెరిగిపోయింది.

"అచ్చు తీసేటప్పుడు లక్క కదిలిపోతోంది," అంది తబస్సుమ్. "మళ్ళీ గట్టిపడటం లేదు. ఎలుకల్లో ఇది రాలేదు. ఎలుకలు నాటకాలు చూడవు కదా." నవ్వబోయి ఆగిపోయింది. "పరిశోధనలకు అనుమతిచ్చే కమిటీకి రాస్తున్నాను మోహనా. ఆపేయాలి."

"ఇప్పటిదాకా తీసింది ఏమవుతుంది?"

"అలాగే ఉంటుంది. కాని ఎవరిదీ తిరిగి వాళ్ళకు పెట్టలేను. అంత విద్య నాకు రాదు."

"ముఖం ఇంకా రాలేదు," అంది మోహన.

తబస్సుమ్ ఆమెను చూసిన చూపులో భయం ఉంది. "మీరు ఎవరి గురించి అంటున్నారో నాకు తెలుసు. వద్దు."

* * *

కంబగిరయ్యకు చెప్పకుండా ఉండాలనే మోహన అనుకుంది. ఆ పూట అన్నం కలిపి తినకుండా కూర్చుంటే ఆయనే అడిగాడు. అడిగాక ఆమెకు దాచడం చేతకాలేదు. ఈరమ్మ మాటలు కూడా చెప్పింది.

ఆయన మజ్జిగ గిన్నె ఇటు జరిపి, "యంత్రం ఎప్పుడు తీసేస్తారు?" అన్నాడు.

"ఉత్తర్వు రావాల. ఈ వారంలో వస్తాదంట."

"అయితే ఈలోపే నన్ను తీస్కపో."

"నువ్వు ఇన్నావా నేను చెప్పింది?"

"ఇన్నాలే. నాకు ఎన్నేండ్లు వచ్చినాయి పాపా? రేపో మాపో నేను పోతా. నాతోపాటే ఆ మొగం గూడా కాల్తాది. అప్పుడు ఎవురికీ ఉండదు. నా కాడ పోయి నీ కాడికి వస్తే ఏం నష్టం?"

"నువ్వు దాని మిందనే బతుకుతాండావు నాయనా."

"బతికినా గదా. నలభై ఏండ్లు బతికినా." ఆయన చేయి కడుక్కోవడానికి లేచాడు. పంపు కట్టేశాక, అటే తిరిగి నిలబడి అన్నాడు: "నువ్వు మూడేండ్ల పిల్లవి. నీకు అమ్మని ఇయ్యలేకపోతి. ఇది ఇయ్యగలిగితే చాలు నాకు."

మోహన వద్దంది. ఆ వద్దు అనడంలో బలం లేదని ఇద్దరికీ తెలుసు.

తబస్సుమ్ ఒప్పుకోలేదు. కంబగిరయ్య తనే ఆటో ఎక్కి ఆమె గదికి వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో మోహనకు ఆ తర్వాత కూడా పూర్తిగా తెలియలేదు. ఆమె వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఇద్దరూ బయటికొస్తున్నారు; తబస్సుమ్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దాయనా, ఒకటి మాత్రం వినండి," అంది తబస్సుమ్, మోహన ఎదురుగానే. "ఆ జ్ఞాపకం ఒక్కటే ఊడివస్తుందని నేను చెప్పలేను. దానికి ఏవేవి అల్లుకుని ఉన్నాయో అవన్నీ కదులుతాయి. ఏవేవో ముందుగా నాకు తెలియదు."

"సరే తల్లీ," అన్నాడాయన.

* * *

ఆయన తన హార్మోనియం తెచ్చుకున్నాడు. శ్రుతి తనే వేశాడు. టోపీ కింద తెల్లవెంట్రుకలు బయటికి వచ్చి ఉన్నాయి. మోహన ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

హార్మోనియం గాలితిత్తి మీద ఆయన ఎడమచేయి నెమ్మదిగా ఆడుతోంది. తర్వాత ఆయన ముఖం మారింది. మోహన తన తండ్రిని అంత చిన్నవాడిగా ఎప్పుడూ చూడలేదు. పెదాలు కొద్దిగా విడివడ్డాయి, గడ్డం ఎత్తాడు, ఎవరో తనవైపు తిరిగినట్టు. కళ్ళు మూసుకునే ఉన్నాయి. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు. శ్రుతి మోగుతూనే ఉంది.

యంత్రం ఆగింది. ఎడమచేయి కూడా ఆగింది. తబస్సుమ్ టోపీ తీసింది.

"అయిపాయనా?" అన్నాడు కంబగిరయ్య. తడి చెంపలు తాకి చూసుకుని, ఇదేంటన్నట్టు వేళ్ళవైపు చూశాడు. గది అంతా కలియజూశాడు. "మా పాప యాడికి పోయినాది?"

"ఇక్కడే ఉన్నా నాయనా," అంది మోహన, ఆయన ముందు నుంచే.

"ఓ. చీకటిగా ఉండాది గదా," అన్నాడాయన.

గది చీకటిగా లేదు. తబస్సుమ్ అప్పటికే దీపాలన్నీ వేసింది.

* * *

పేర్చిన నాటకాన్ని చూడటానికి కళ్ళజోడు లాంటి పరికరం పెట్టుకోవాలి. మోహన విద్యార్థులు రిహార్సలు చేసుకునే హాలులో, నేల మీద కూర్చుని పెట్టుకుంది. పక్కన తబస్సుమ్ ఉంది.

ట్యూబులైట్లు, పురుగులు, నెమలి తెర. తెర లేచింది. భటులు శవాన్ని తెచ్చారు, ఒకడికి చెప్పులున్నాయి. రాణి వచ్చింది. నడక చూసి మోహన ముందుకు వంగింది. ఆమెకూ అదే నడక. కుడి భుజం కాస్త ముందుకు వేసి నడవటం.

రాణి శవాన్ని చూసింది. ఆగింది.

ఇప్పుడు మోహన చూస్తున్న చోటు మారింది. వేదికకు ఎడమపక్క, నేలకు దగ్గరగా, తెర అంచున ఉంది. కింద హార్మోనియం మెట్లు, వాటి మీద యువకుడి వేళ్ళు. ఆ చోటి నుంచి చూస్తే మిగతా జాతర లేదు. రాణి నెమ్మదిగా ఇటు తిరిగింది. పొగమంచు లేదు. ముఖం పూర్తిగా, స్పష్టంగా, వెలుతురులో ఉంది.

అది మోహన ముఖం.

పోలిక అనుకుంది మొదట. తల్లీ కూతుళ్ళకు పోలిక ఉంటుంది కదా అనుకుంది. అప్పుడు ఎడమ కనుబొమ్మ మీద మచ్చ చూసింది. బి.ఎ. చదివేటప్పుడు హాస్టలు మెట్ల మీద పడితే తగిలిన దెబ్బ. నాలుగు కుట్లు వేశారు. అప్పటికి మంగతాయి పోయి పదిహేనేళ్ళు దాటింది. రాణి కళ్ళ కింద నలుపు కూడా మోహనదే, విడాకుల కేసు నడిచినప్పుడు వచ్చి పోకుండా ఉండిపోయిన నలుపు. కిరీటం కింద, దట్టమైన రంగు కింద, ఒక అలసిన ప్రొఫెసరు ముఖం ఎంతో ప్రేమగా హార్మోనిస్టు వైపు చూస్తోంది.

మోహన పరికరం తీసి నేల మీద పెట్టింది. తబస్సుమ్ అది పెట్టుకుని చూసింది. తీసేశాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"మిగతావాళ్ళవి విడివిడిగా చూశారా?" అంది చివరికి మోహన.

"నిన్న చూశాను. ఉరుకుందప్ప రాణికి ఈరమ్మ ముఖం ఉంది, వయసులో ఉన్నప్పటిది. శేషమాంబ రాణి ఆవిడ చెల్లెలు. ఒకదాని మీద ఒకటి పేరిస్తే పొగమంచు అందుకే వచ్చింది." తబస్సుమ్ చేతిలోని పరికరాన్ని నేల మీద పెట్టింది. "తలుచుకున్నప్పుడల్లా మెత్తబడుతుందని నేనే చెప్పాను. మెత్తబడినప్పుడల్లా ఎదురుగా ఉన్నది కొంచెం అంటుకుంటుందని ఆలోచించలేదు. ఎంత ఎక్కువగా తలుచుకుంటే అంత ఎక్కువగా మారుతుంది. మీ నాన్నగారు రోజూ తలుచుకున్నారు. ఎదురుగా మీరున్నారు."

"అంటే మా అమ్మ..."

"ఎప్పుడో పోయింది మోహనా. మనం మొదలుపెట్టక ముందే. ఎవరి దగ్గరా లేదు."

బయట విద్యార్థులు రిహార్సలు కోసం తలుపు తడుతున్నారు. మోహన లేచి తలుపు తీసి, పక్కకు జరిగి వాళ్ళకు దారిచ్చింది.

* * *

ఇంటికి వెళ్ళేసరికి కంబగిరయ్య వసారాలో కూర్చుని ఉన్నాడు. ఆమె గేటు తీసుకుని వస్తుంటే పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. "నాయనా" అనగానే ముఖం విప్పారింది.

"వస్తివా పాపా. కనపడిందా మీయమ్మ?"

దారి పొడుగునా ఆమె ఈ ప్రశ్నకే సిద్ధపడింది. "కనపడినాది," అంది.

"ఎట్లుండె?"

"నువ్వు చెప్పినట్లే. నీ దిక్కే చూసె."

ఆయన తలాడించాడు. మర్యాదగా విన్నాడు. ఊళ్ళో ఎవరి కూతురికో మంచి సంబంధం కుదిరిందంటే వినేలా విన్నాడు. "మంచిదే అయితే," అని, పప్పు పొయ్యి మీద పెట్టానని లోపలికి వెళ్ళాడు. మోహన వసారాలోనే నిలబడిపోయింది. ఆయన దుఃఖపడతాడని భయపడింది గాని, ఇలా ఉంటుందని అనుకోలేదు.

వారం తిరక్కుండా ఆమెకు మిగతాది కూడా అర్థమైంది. అద్దాలు మార్పించింది, కళ్ళ డాక్టరుకు చూపించింది. ఆయన చూపు బాగానే ఉంది. పాలబ్బాయిని పోల్చుకుంటాడు, ఎదురింటివాళ్ళను పేరు పెట్టి పిలుస్తాడు. ఒక్క మోహన ముఖమే ఆయనకు ఏమీ చెప్పదు. మంగతాయి జ్ఞాపకంలో ఏళ్ళ తరబడి చేరిపోయిన ఆ ముఖం, జ్ఞాపకంతోపాటే ఊడివచ్చింది. గొంతు వింటే కూతురు. వినకపోతే ఎవరో ఒకామె. రోజూ కొత్తగా నేర్పినా మర్నాటికి నిలవలేదు.

ఆయన హార్మోనియం వాయించడం మానలేదు. వకుళాంబ పద్యం కూడా వాయించేవాడు, వరస తప్పకుండా, ముందు ఎక్కడా ఆగకుండా. వేలికి వచ్చిన విద్య వేళ్ళలోనే ఉండిపోయింది.

కమిటీ ఉత్తర్వు వచ్చింది. యంత్రాన్ని విప్పారు. తీసిన అచ్చులన్నీ చెరిపేయాలని తబస్సుమ్ రాసింది, మోహన సంతకం పెట్టింది. తబస్సుమ్ ఉద్యోగం మానేసి పుట్టింటికి వెళ్ళిపోయింది. మోహన ఎమ్మిగనూరు వెళ్ళి ఉరుకుందప్పనూ ఈరమ్మనూ కలిసి, చూపిస్తానన్న నాటకం లేదని చెప్పింది. ఏ నాటకమని ఉరుకుందప్ప భార్యను అడిగాడు. ఈరమ్మ మోహనను ఒక్క మాట అనలేదు. కాఫీ ఇచ్చి పంపింది.

మోహన ఇల్లు చేరేటప్పుడు గేటు బయటి నుంచే మాట్లాడటం అలవాటు చేసుకుంది. "నాయనా, నేను వస్తాండా" అని. ఏదో ఒకటి మాట్లాడుతూనే చెప్పులు విప్పేది, మాట్లాడుతూనే లోపలికి వచ్చేది. పాఠం చెప్పి అలసిపోయిన రోజుల్లో కూడా.

మాఘమాసంలో ఆమెకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. క్లాసులో నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికొచ్చింది. గేటు దగ్గర నిలబడి పిలవబోయింది. రాలేదు. గేటు తీసుకుని లోపలికి వచ్చింది.

కంబగిరయ్య లేచి నిలబడి, పైపంచె సర్దుకున్నాడు. "రాండి తల్లీ. ఎవురి కోసం?"

ఆమె దగ్గరికి వెళ్ళి, "నాయనా," అంది. గరగర తప్ప మాట బయటికి రాలేదు. ఆయన చేయి పట్టుకుంది. ఆయన కాసేపు ఓర్చుకుని, నొప్పించకుండా చేయి విడిపించుకున్నాడు.

"గొంతు పోయిందా? మా పాపకి గూడా చిన్నప్పుడు చలికాలమొస్తే అట్లే పోతాండె," అన్నాడు. "మాట్లాడొద్దు, ఇంగా ఎక్కువైతాది. మా మోహన కోసమా? కాలేజీ టీచరమ్మ లెక్కుండావు. సాయంత్రానికి వస్తాది, కూర్చో."

ఆయన లోపలికి వెళ్ళాడు. రోట్లో మిరియాలు నూరుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి బెల్లం వేసిన కషాయం గ్లాసుతో వచ్చి, వేడిగా ఉంది జాగ్రత్త అంటూ ఆమెకు అందించాడు. తను ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. కూతురు ఎంత బాగా చదివిందో, ఎంత పెద్ద ఉద్యోగం చేస్తోందో, ఒంటరి మనిషైనా తనను ఎంత బాగా చూసుకుంటుందో చెబుతూ, మధ్యమధ్యలో గేటు వైపు చూస్తున్నాడు.

మోహన రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కషాయం తాగింది. తాగి, ఆయనతోపాటు గేటు వైపు చూస్తూ కూర్చుంది.